మురుగు బోదె డైరీ: నాసిక్ నుంచి కోనసీమ దాకా

ఏప్రిల్ మూడో వారం, నాసిక్

పని ఏమిటో ముందే రాసిపెడుతున్నాను. తర్వాత మాట మార్చే వీలుండకూడదు.

కోనసీమలో అంబాజీపేటకు దగ్గర్లో మా మామయ్యకు రెండెకరాల కొబ్బరి తోట, దాన్ని ఆనుకొని ఎకరం వరి చేను ఉన్నాయి. కొన్నేళ్లుగా వానాకాలంలో తోటలోకి వచ్చిన నీళ్లు వచ్చినట్టే నిలిచిపోతున్నాయి. మట్టలు పసుపు తిరుగుతున్నాయి, పిందెలు రాలుతున్నాయి, గెలకు కాయలు తగ్గాయి. ఒకప్పుడు తోట చివర మురుగు బోదె, అంటే నీళ్లు బయటికి పోయే చిన్న కాలువ, ఉండేది. అది పూడిపోయింది. పంట కాలువలు కట్టేసి ఉండే వేసవిలోనే దాన్ని తిరిగి తవ్వి ఊరి మురుగు కాలువలో కలపాలి. మామయ్యకు వయసు మీద పడింది, కూలీలు దొరకడం కష్టంగా ఉంది. నాకు ఆఫీసులో జీతం లేని సెలవు దొరికింది. మా అమ్మాయికి ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. మా ఆయన మాత్రం ఇక్కడే ఉంటాడు, జూన్‌లో వచ్చి మమ్మల్ని తీసుకెళ్తాడు.

రైలెక్కితే సులువే. కానీ గోదావరి వెంటే కారులో వెళ్దామని అమ్మాయి పట్టుబట్టింది. త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే నదికి మేము మొదట్లో ఉన్నాం, వెళ్లేది చివరికి. కాదనడానికి కారణం కనిపించలేదు. డిక్కీలో బట్టలకంటే ఎక్కువ చోటు ఆక్రమించినవి పారదర్శకంగా ఉండే పొడవాటి ప్లాస్టిక్ గొట్టం, కొలత టేపు, చేతి తొడుగులు, రెండు పారలు. పారలు కోనసీమలో దొరకవా అని మా ఆయన నవ్వాడు. దొరుకుతాయి. కానీ నా చేతికి అలవాటైన పార వేరు.

దారిలో

పైఠణ్ దగ్గర ఆగి జాయక్‌వాడి ఆనకట్ట ఎక్కాం. వెనుక నాథసాగర్ జలాశయం, ఎండకు కళ్లు చెదిరేంత నీళ్లు. పైనున్న నాసిక్, అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) రైతులు నీళ్లు వదలొద్దంటారు, కిందనున్న మరాఠ్వాడా వాళ్లు వదిలి తీరాలంటారు. నాసిక్‌లో ఉంటూ ఈ తగాదాను ఏళ్లుగా పేపర్లో చదువుతున్నదాన్ని, అవతలి పక్షం ఊళ్లలో నీళ్ల ట్యాంకర్ల వెనుక బిందెల వరుసలు చూశాక ఇంతకాలం ఒక పక్కనుంచే చదివానని తెలిసింది. పైఠణ్ అంటే శాతవాహనుల ప్రతిష్ఠానపురమేనని చెబితే, అయితే వాళ్లు మనవాళ్లా వీళ్లవాళ్లా అని అమ్మాయి అడిగింది. ఇద్దరివాళ్లూ అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు.

నాందేడ్ దాటాక బాబ్లీ. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ బ్యారేజీ గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి, మార్చి 1న శ్రీరామసాగర్ కోసం 0.6 టీఎంసీల నీళ్లు వదలాలి. ఒక నదికి ఇన్ని తేదీలు! కందకుర్తిలో మంజీర వచ్చి కలిసేచోట నదిలో నీళ్లకంటే బండలే ఎక్కువ కనిపించాయి. బాసర దర్శనం చేసుకొని, నిర్మల్, మంచిర్యాల మీదుగా కాళేశ్వరం చేరాం. పై నుంచి వచ్చే గోదావరిలో ఇసుక తిన్నెలు, పక్కనుంచి వచ్చే ప్రాణహితలో పారే నీళ్లు. పేరు గోదావరిది, నీళ్లు ప్రాణహితవి అని అక్కడివాళ్లు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఇంకా దిగువన ఇంద్రావతి, శబరి కలిశాకే మనం ధవళేశ్వరం దగ్గర చూసే గోదావరి తయారవుతుంది. 2023 అక్టోబరులో పియర్లు కుంగిన మేడిగడ్డ బ్యారేజీ ఆ పక్కనే. చూడాలనిపించలేదు. ఏటూరునాగారం మీదుగా భద్రాచలం, అక్కణ్నుంచి చింతూరు వెళ్లాం. శబరి వంతెన మీద కారాపి దిగాం. దాళ్వా (రెండో పంట) వరికి చివరి తడులు అందేది ఎక్కువగా ఈ నదిలో కలిసే సీలేరు మీది జలవిద్యుత్ కేంద్రాలు వదిలే నీళ్లతోనే. మామయ్య చేలో గింజ పాలుపోసుకుందంటే ఆ పుణ్యంలో ఎక్కడో కొండల్లో తిరిగే టర్బైన్లకూ వాటా ఉంది.

మారేడుమిల్లి ఘాట్ రోడ్డు గురించి ఒక్క మాట: రాత్రి పూట వద్దు.

ఇన్ని ఊళ్లు దాటినా వినిపించింది ఒకటే. నీళ్లు ఆపాలి, నిలపాలి, ఎత్తిపోయాలి, మళ్లించుకోవాలి. నదిని వదిలిపెట్టాలని అన్నవాళ్లు ఒక్కరూ తగల్లేదు.

ధవళేశ్వరం చేరేసరికి పొద్దు ఇంకా పైకెక్కలేదు. 1847లో మొదలుపెట్టి 1852లో ఆర్థర్ కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ, నాలుగు పాయల మీద మొత్తం 175 గేట్లు. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలయ్యేచోట లాకులు దించి ఉన్నాయి. కాలువ అడుగున బురద, దానిలో పిల్లలు చేపలు పడుతున్నారు. రావులపాలెం నుంచి లోపలికి వెళ్లే రోడ్డులో సగం ఆరబోసిన ధాన్యానిది, సగం వాహనాలది. తేమ 17 శాతానికి దిగకపోతే కొనుగోలు కేంద్రంలో కుదరదు కాబట్టి మేమే పక్కకు తప్పుకొని నెమ్మదిగా వెళ్లాం.

ఏప్రిల్ చివర: తోట చూడటం

కోనసీమకు ఫొటోల కోసం వచ్చేవాళ్లు వేసవిలో రారు. వాళ్లకు కావలసినది కాలువ నిండా నీళ్లు, వాటిలో కొబ్బరి నీడ. ఇప్పుడు ఇక్కడ ఉన్నది ఎండిన కాలువలు, పొగలు కక్కే ట్రాక్టర్లు, ఎక్కడ చూసినా తవ్వకాలు. ఈ ప్రాంతానికి ఇది మరమ్మతుల కాలం. నాకైతే ఈ రూపమే ఎక్కువ నచ్చింది, ఏది ఎలా పనిచేస్తుందో లోపలి భాగాలతో సహా కనిపిస్తుంది.

మామయ్యతో తోటంతా తిరిగాను. మెరక వైపు చెట్లు బాగానే ఉన్నాయి. పల్లపు వైపు మూడు వరుసల్లో మొవ్వు సన్నబడింది, మట్టలు పొట్టివయ్యాయి. కింది ఆకుల మీద నల్లటి మసి పట్టి ఉంది, అది వేరే గొడవ. 2016లో తమిళనాడులో కనబడి తర్వాత ఇక్కడికి పాకిన సర్పిలాకార తెల్లదోమ విసర్జించే తేనెబంక మీద పెరిగే బూజు అది. దానికి విచ్చలవిడిగా మందు కొడితే దోమను తినే పురుగులు ముందు చస్తాయని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెబుతూనే ఉన్నారట. మామయ్య కొట్టడం మానేశాడు, చుట్టుపక్కల చాలామంది మానలేదు.

బోదె ఉండాల్సిన చోట తూటికాడ, కిక్కిస గడ్డి. ఒక చివర రొయ్యల చెరువు గట్టు, ఇంకో చివర పక్క ఆసామి చేలోకి ట్రాక్టరు వెళ్లడానికి వేసిన మట్టి బాట. ఆ బాట కింద ఆరంగుళాల ప్లాస్టిక్ గొట్టం. రెండెకరాల వాన నీరు దాంట్లోంచి పోవాలి!

“కాలువలో నీళ్లు రాకపోతే అందరం కలిసి రోడ్డెక్కుతాం. మురుగు పోకపోతే ఎవరి చేలో వాళ్లం కూర్చుని ఏడుస్తాం,” అన్నాడు మామయ్య.

నాకీ పని అసలు సంగతి అప్పుడు బోధపడింది. దారి పొడవునా అందరూ ఆపుకున్న నది చివరికి వచ్చేసరికి, ఇక్కడి సమస్య నీళ్లు పంపించడం. నేల దాదాపు చదును, సముద్రం దగ్గర, మురుగు కాలువల మొగలు (సముద్రంలో కలిసే చోట్లు) ఇసుకతో పూడుతుంటాయి, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. ఇది నిన్నటి సంగతి కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల కోసం 1968లోనే ప్రత్యేకంగా సెస్సు చట్టం తెచ్చారు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు (వానాకాలం పంటకు) పంట విరామం ప్రకటించినప్పుడు మామయ్య కూడా చేను బీడు పెట్టాడు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చుల మాట అందరికీ గుర్తుంది. ముంపు మాట మాత్రం చేలున్నవాళ్లకే గుర్తుంది.

మే మొదటి వారం: వాలు కొలవడం

తవ్వే ముందు ఎటు నుంచి ఎటు ఎంత వాలు ఉందో తెలియాలి. కంటికి కనిపించే వాలు డెల్టాలో లేదు. అందుకే నాసిక్ నుంచి ఆ గొట్టం.

తాపీమేస్త్రీలు పునాది మట్టం చూసే పద్ధతే. గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ పైకెత్తి పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీటి మట్టం ఒకటే. రెండు కర్రలకు టేపు అంటించి, ఆ మట్టం దగ్గర అంకెలు చదివి తేడా తీసుకోవాలి. చెప్పడానికి ఇంతే. చేస్తున్నప్పుడు మాత్రం గొట్టంలో ఎక్కడో ఒక గాలి బుడగ దాక్కుంటుంది, అది పోయేదాకా లెక్క తప్పుతూనే ఉంటుంది. ఎండలో నీటి మట్టం కనబడక తంటాలు పడుతుంటే అత్తయ్య బట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కలు వేసింది. అంతే, గొట్టంలో నీలి గీత తేటగా నిలబడింది. అమ్మాయి అవతలి చివర పట్టుకొని అంకెలు అరిచేది, నేను పుస్తకంలో రాసుకునేదాన్ని. మామయ్య గట్టు మీద కూర్చుని మా అంకెలను బెత్తెళ్లలోకి, జానల్లోకి మార్చుకునేవాడు.

తేలింది ఇది. తోట పల్లపు మూల నేల కంటే ఊరి మురుగు కాలువ అడుగు 3 అడుగుల 3 అంగుళాలు లోతులో ఉంది. మధ్య దూరం సుమారు 350 అడుగులు. కొబ్బరి వేర్లకు ఊపిరాడాలంటే బోదె మొదట్లోనే రెండున్నర అడుగుల లోతు ఉండాలి. ఇక మిగిలింది జానెడు. వంద అడుగులకు రెండంగుళాల చొప్పున దించుకుంటూ వెళ్తే ఏడంగుళాలు ఖర్చవుతాయి, చేతిలో ఉండేది రెండంగుళాలు. బాట కింది గొట్టం అడుగుభాగం ఉండాల్సిన మట్టం కంటే ఒక అడుగు ఎత్తులో ఉంది. అది అలా ఉన్నంతకాలం బోదె ఎంత తవ్వినా తొట్టే.

మే రెండో వారం: బాట, తూర, కాటన్ దొర

బాట తవ్వి పెద్ద సిమెంటు తూర, అంటే నీళ్లు పోయే లావాటి గొట్టం, వేయాలి. బాట పక్క ఆసామిది. మామయ్యకు వరసకు బావమరిది, నాకు బాబాయి. పట్టుదల గల మనిషి. తూర పెద్దదైతే మీ తోట నీళ్లన్నీ వచ్చి నా గట్టు కోసేస్తాయి అన్నాడు. తీసిపారేయదగ్గ మాట కాదు, నిజంగానే కోస్తాయి. గట్టుకు తాటి పట్టెలు కట్టిస్తాం, తూర ఖర్చు మాదే అన్నా ఒప్పుకోలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆయనే వచ్చి, “అమ్మాయీ, ఆ నీలి గొట్టం ఒకసారి మా చేలో కూడా పెట్టు,” అన్నాడు. పెట్టాం. ఆయన చేను వెనుక మూల మా పల్లపు మూల కంటే ఇంకో మూడంగుళాలు కింద ఉంది. ఆయన నీళ్లు కూడా ఇన్నేళ్లుగా అదే ఆరంగుళాల గొట్టం కోసం ఎదురుచూస్తున్నాయి. చాలాసేపు కర్ర మీది అంకె చూసి, తూర ఖర్చులో సగం నేను పెడతాను, తాటి పట్టెలు మాత్రం మీరే వేయించాలి అన్నాడు. ఆ సాయంత్రమే తూరలకు అడ్వాన్సు ఇచ్చాం. మనసు మారకముందే.

తవ్వకంలో ఇంకో వాదన. నేను మొత్తం జేసీబీతో లాగేద్దామన్నాను. చెట్ల దగ్గర యంత్రం వద్దని మామయ్య. బకెట్టు ఒక్క ఊపులో వేళ్లను పీకేస్తుంది, పైగా దాని బరువుకు నేల బిగుసుకుపోతుంది. చివరికి బాట దగ్గర, మురుగు కాలువలో కలిసే చోట యంత్రం, చెట్ల వరుస పొడవునా పార. ఊరి మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించడానికి దిగువ రైతులు కొందరు తలా కొంత వేసుకుని అదే యంత్రాన్ని ఇంకో పూట ఉంచుకున్నారు.

చేతి పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోగా ఆపేవాళ్లం. మళ్లీ సాయంత్రమే. మధ్యాహ్నం ఉక్క మాటల్లో చెప్పలేను, నాసిక్ ఎండ దీని ముందు పెద్దమనిషి. చద్దన్నం, మజ్జిగ, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. ఇవి లేకపోతే ఆ పని నావల్ల అయ్యేది కాదు. పనివాళ్లు ఇద్దరు వచ్చేవారు, ఒక్కోరోజు ఒక్కరే. మట్టి కోసే తీరులో తేడా వాళ్ల పక్కన నిలబడితేనే తెలుస్తుంది. నేను తవ్వినచోట గోడ నిలువుగా ఉండి సాయంత్రానికి జారేది. వాళ్లు పైన వెడల్పుగా, కింద సన్నంగా ఏటవాలుగా కోస్తారు, జారదు.

మే 15 కాటన్ జయంతి. ఊళ్లో విగ్రహానికి దండలు వేశారు. నేనూ వెళ్లి నమస్కారం పెట్టాను, ఆయన పెట్టిన అన్నమే తిని పెరిగిన కుటుంబం మాది. అయితే నీళ్లు తెచ్చినవాడికి ఊరూరా విగ్రహాలున్నాయి. మురుగు కాలువ తవ్వించిన ఇంజినీరు ఎవరో ఎవరికీ తెలియదు.

మే చివర: రోహిణి కార్తె

పల్లపు వరుస దగ్గర తవ్వుతుంటే వేళ్లు బయటపడ్డాయి. కొబ్బరికి తల్లివేరు ఉండదు. చెట్టు మొదలు నుంచి వేలు లావున వేలకొద్దీ వేళ్లు అన్ని వైపులా పరుచుకుంటాయి. మెరక వైపు వేరు ఎర్రటి గోధుమ రంగులో గట్టిగా ఉండి, విరిస్తే చిటుక్కుమంది. కొస తెల్లగా ఉంది. పల్లపు వైపు వేరును చేత్తో పట్టుకుంటే పైతోలు మేజోడులా ఊడివచ్చింది. లోపల నల్లటి నార, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అమ్మాయి ముక్కు మూసుకుంది గాని రెంటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి వాళ్ల నాన్నకు పంపింది. ఆకుల పసుపు చూసి ఎరువు తక్కువైందని బస్తాల మీద బస్తాలు వేసేవాళ్లకు ఆ ఫొటో చూపించాలి. తినడానికి నోరే లేనిదానికి వడ్డించి ఏం లాభం?

ఈ వారంలోనే దింపు. చెట్టెక్కే అతను కాళ్లకు బందం వేసుకొని చకచకా పాకుతాడు, కాయలు దించడంతో పాటు ఎండు మట్టలు కొట్టేస్తాడు, మొవ్వులో కొమ్ము పురుగు దూరిందేమో ఇనుప చువ్వతో కెలికి చూస్తాడు. కింద నుంచి మేము గంటసేపు చూసి చెప్పలేనిది అతను పైనుంచి ఒక్క మాటలో చెప్పాడు: ఈ మూడు వరుసలకూ కొత్త మట్ట రావడం ఆలస్యమవుతోంది, పక్కవాటికి వస్తోంది. పురుగు రెండు చెట్లలోనే దొరికింది. అది గుడ్లు పెట్టేది పాత పెంటకుప్పలో కాబట్టి కుప్ప తిరగేసి, దాని పిల్లపురుగులను చంపే మెటారైజియం బూజు పొడి కలిపాం.

బోదెలోంచి తీసిన పూడిక మట్టిని పారవేయలేదు. ఆరబెట్టి, చితక్కొట్టి మెరక చెట్ల పాదుల్లో వేశాం. పల్లపు చెట్లకు ఇప్పుడే వేయొద్దన్నాడు మామయ్య, ముందు వేరు కోలుకోవాలట. చేలో దాళ్వా కోత తర్వాత ఒక జల్లు పడిన అదనులో పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లాం. నీళ్లు నిలిచినా, కాస్త ఉప్పు తగిలినా తట్టుకునే పైరు. మోకాలి ఎత్తు వచ్చింది.

జూన్

కాలువలకు నీళ్లు వదిలారు. రెండు రోజుల్లో ఊరి రూపమే మారిపోయింది, ఫొటోలవాళ్లు ఇక రావచ్చు. మా బోదెకు మాత్రం పరీక్ష పెట్టాల్సింది వాన. అది ఒక రాత్రి ఉరుములతో వచ్చి తెల్లవారేదాకా కురిసింది. లేచేసరికి పల్లపు మూలలో గుర్తుకర్ర దగ్గర అరచెయ్యి లోతు నీళ్లు. నిరుడైతే ఇవి వారం రోజులు ఉండేవని అత్తయ్య చెప్పింది. తూర దగ్గరికి పరుగెత్తాం. ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతూ బాట కింద నుంచి పోతున్నాయి, తాటి పట్టెల దగ్గర గట్టు చెక్కుచెదరలేదు. మర్నాడు మధ్యాహ్నానికి మూలలో నేల తేలింది. బాబాయి తన చేను వెనుక మూలలో నిలబడి చెయ్యి ఊపాడు, మాట్లాడటానికి మాత్రం రాలేదు. ఆయన పద్ధతి అదే.

చెట్లు కోలుకున్నాయో లేదో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఇవాళ్టి వేరు బాగుపడితే ఆ ఫలితం గెలలో కనిపించడానికి ఏడాది దాటుతుంది. ఆ మూడు వరుసల్లో ప్రతి చెట్టుకూ ఒక రంగు గుడ్డ కట్టి, కొత్త మట్ట ఎప్పుడు విప్పిందో రాసే పుస్తకం అత్తయ్యకు ఇచ్చాను. పాల లెక్కల పుస్తకం తప్ప ఇంకేదీ రాయనని మొదట అంది. ఇప్పుడు నాకంటే ముందే తోటలోకి వెళ్తోంది.

మిగిలిన పని ఒకటే, పెద్దదీ అదే. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వచ్చి ఊరి మురుగు కాలువ నిండితే, దాని నీళ్లు మా బోదెలోకి ఎదురుతన్నుతాయి. తూర నోటికి తలుపు కావాలి. లోపలి నీళ్లు నెడితే తెరుచుకోవాలి, బయటి నీళ్లు నెడితే మూసుకుపోవాలి. వెల్డింగ్ చేసే అతను ఇనుప రేకుతో చేస్తానంటున్నాడు. రెండేళ్లలో తుప్పు పడుతుంది, మద్ది చెక్క తలుపే కావాలని మామయ్య. చెక్క నీళ్లకు ఉబ్బి తూరలో ఇరుక్కుంటుందని బాబాయి. మా ఆయన నిన్న దిగాడు, ఫైబర్ రేకు సంగతి ఎత్తాడు, ముగ్గురూ ఆయనవైపు జాలిగా చూశారు. రేపు పొద్దున అందరం కలిసి తూర నోటి కొలతలు తీసుకుంటాం.